ఈల మాస్టారు దిద్దిన హిస్టరీ పేపర్లు

మా స్కూలు డ్రిల్లు మాస్టారి అసలు పేరు హాజరు పట్టీలో ఉండేది. అది ఆ పట్టీ దాటి బయటికొచ్చిన గుర్తు నాకు లేదు. మెడలో నల్లతాడుకి వేలాడే స్టీలు ఈల వల్ల పిల్లలకీ, మాకూ, ఆఖరికి గేటు దగ్గర వాచ్‌మన్‌కీ ఆయన ఈల మాస్టారే. పొడుగ్గా, సన్నగా ఉండేవారు. యాభై ఏడేళ్ళ వయసులో కూడా మైదానం ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తి వచ్చి, ఏమీ జరగనట్టు మామూలుగా మాట్లాడేవారు. మేమేమో రెండంతస్తులు ఎక్కి స్టాఫ్ రూముకి చేరేసరికే కుర్చీల కోసం వెతుక్కునేవాళ్ళం.

ఆయన గది మెట్ల కింద ఉండేది. అందులో గాలి పోయిన బంతులు, చిక్కుపడ్డ వాలీబాల్ నెట్టు, గీతలు గీయడానికి సున్నం బస్తా, దూదీ అయొడినూ పెట్టుకున్న బిస్కెట్ల డబ్బా. పడి మోకాళ్ళు చెక్కుకుపోయినవాళ్ళూ, కొట్టుకుని చొక్కాలు చింపుకున్నవాళ్ళూ ఆ గదికే చేరేవాళ్ళు. కొట్టుకున్న ఇద్దర్నీ ఆయన ఒకే బెంచీ మీద పక్కపక్కన కూర్చోబెట్టేవారు.

"వీడే ముందు కొట్టాడు సార్."

"కొట్టాడు, సరే. దానికి ముందు ఏమైంది?"

"ఏం లేదు సార్. నన్ను తోశాడు."

"తోశాడు. దానికి ముందు?"

అలా వెనక్కి వెనక్కి వెళ్ళి, ఆ తగువు పొద్దున నీళ్ళ కుళాయి దగ్గర లైన్లోనో, మొన్నటి మ్యాచ్‌లోనో తేలేది. అంతటితో వదిలేవారా అంటే లేదు. వీడికి కోపం ఎందుకొచ్చిందో వాడు చెప్పాలి, వాడికి ఎందుకొచ్చిందో వీడు చెప్పాలి. ఎదుటివాడు "అవును, అంతే" అనేదాకా ఇద్దరూ ఆ బెంచీ మీదే. స్టాఫ్ రూములో మేము దీని మీద జోకులు వేసుకునేవాళ్ళం. చెరో రెండు తగిలిస్తే తేలిపోయేదానికి ఇంత విచారణా అని లెక్కల మాస్టారు నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని.

నేను ఆ స్కూల్లో హిస్టరీ టీచర్ని. అప్పటికి పద్నాలుగేళ్ళ సర్వీసు. నా నోట్సుకి ఊళ్ళో మంచి పేరుంది. పక్క స్కూళ్ళ పిల్లలు కూడా జిరాక్సులు తీయించుకునేవాళ్ళు. మొదటి ప్రపంచయుద్ధానికి కారణాలు రాయమంటే నా పిల్లలు నిద్రలో లేపినా ఐదు పాయింట్లు చెప్పేవాళ్ళు. కూటములు, సైనికవాదం, సామ్రాజ్యవాదం, జాతీయవాదం, యువరాజు హత్య. పాయింటుకి ఒకటిన్నర మార్కు, మొదటి వాక్యానికి, చివరి వాక్యానికి కలిపి అర మార్కు. మొత్తం ఎనిమిది. దాన్ని నేను గర్వంగానే చెప్పుకునేదాన్ని.

ఆ ఏడు రెండో టర్ములో గ్లోబు చేత్తో పట్టుకుని మెట్లు దిగుతూ జారిపడ్డాను. గ్లోబుకి ఏమీ కాలేదు. నా చీలమండ విరిగింది. ఆరు వారాలు పిండికట్టు, మంచం. నా బదులు పాఠం చెప్పడానికి మనిషి దొరకలేదు. టైమ్‌టేబుల్‌లో ఖాళీ పీరియడ్లు ఎక్కువున్నది ఈల మాస్టారికే. మా పెద్ద మేడమ్, అంటే హెడ్మిస్ట్రెస్, పదో తరగతి రెండు సెక్షన్ల హిస్టరీని ఆయన నెత్తిన పెట్టారు.

ఆ సాయంత్రమే ఆయన మా ఇంటికొచ్చారు. మంచం పక్క కుర్చీలో అంచున కూర్చున్నారు.

"చెల్లెమ్మా, హిస్టరీలో నాకు పదో తరగతిలో ముప్ఫయి అయిదు మార్కులొచ్చాయి. అవి కూడా మా అక్క దగ్గరుండి బట్టీ పట్టిస్తే వచ్చినవి. పిల్లలకి ఏం చెప్పను?"

"ఏమీ చెప్పక్కర్లేదు మాస్టారూ. ఇదిగో నోట్సు. మీరు చదవండి, వాళ్ళు రాసుకుంటారు. అంతే."

"అంతేనా?"

"అంతే. పద్నాలుగేళ్ళుగా నేను చేస్తున్నదీ అదే" అన్నాను. నవ్వించడానికి అన్నాను కానీ, ఆయన నవ్వలేదు. నోట్సుని రెండు చేతులతో అందుకుని, సంచిలో బూట్ల పక్కన కాకుండా విడిగా, చొక్కా లోపల పెట్టుకుని వెళ్ళారు.

మూడు వారాలు ఆయన నా నోట్సు చదివి వినిపించారు. నాలుగో వారం యూనిట్ టెస్టు. ప్రశ్నాపత్రం నేనే మంచం మీద నుంచి పంపాను. దిద్దడానికి కీ కూడా రాసిచ్చాను. ఎనభై మూడు పేపర్లు. ఐదు పాయింట్లూ ఉన్నాయో లేదో చూసి టిక్కు పెట్టడమే పని.

రెండు రోజుల తర్వాత స్కూలు వదలగానే ఆయన పేపర్ల కట్ట చంకన పెట్టుకుని వచ్చారు. మా అత్తగారు ఆ గదిలోనే కిటికీ దగ్గర కూర్చుని బఠాణీలు ఒలుస్తున్నారు. ఆవిడకి దండం పెట్టి, కట్టని నా మంచం మీద పెట్టి, దాని తాడు ముడినే చూస్తూ కూర్చున్నారు.

"ఏమైంది మాస్టారూ? మార్కులు తక్కువొచ్చాయా?"

"లేదమ్మా. బాగా వచ్చాయి. అరవై ఒక్క మందికి ఏడు దాటాయి."

"మరి?"

"ఎనభై మూడు పేపర్లు చదివాను చెల్లెమ్మా. యుద్ధం ఎందుకొచ్చిందో నాకింకా తెలియలేదు."

నేను నవ్వేశాను. ఆయన కట్ట విప్పి మూడు పేపర్లు తీశారు. మూడింటిలోనూ అవే వాక్యాలు, నావి. కామాలు కూడా నావే. ఆ తర్వాత తీసిన నాలుగో పేపర్లో ఒకడు సైనికవాదం అని రాయాల్సిన చోట 'సైనికవాతం' అని రాశాడు. 'యూరప్ దేశాలన్నింటికీ సైనికవాతం పెరిగిపోవుట' అట.

"వీడికి టిక్కు పెట్టాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను" అన్నారు ఆయన. "పిలిచి అడిగాను, వాతం అంటే ఏంట్రా అని. 'మా తాతయ్యకి మోకాళ్ళలో ఉంది సార్' అన్నాడు. మరి దానివల్ల యుద్ధం ఎలా వచ్చిందిరా అంటే, 'తెలీదు సార్, మీరు చెప్పిందే రాశాను' అన్నాడు. తప్పు వాడిది కాదమ్మా. నేను చదివేటప్పుడు నాకూ దాని అర్థం తెలీదు. వాదమన్నా వాతమన్నా నాకు ఒకటే."

మా అత్తగారు బఠాణీలు ఒలవడం ఆపి కిసుక్కున నవ్వారు.

"ఇంకొకటి. తక్షణ కారణం యువరాజు హత్య అని అందరూ రాశారు. తక్షణం అంటే వెంటనే కదా? చంపింది జూన్ ఇరవై ఎనిమిదిన. ఆస్ట్రియా సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది జూలై ఇరవై ఎనిమిదిన. రెండు తేదీలూ నీ నోట్సులోనే ఉన్నాయి. ఒక నెల మధ్యలో ఉంది. ఈ నెల రోజులూ వీళ్ళంతా ఏం చేశారు?"

పద్నాలుగేళ్ళుగా ఆ రెండు తేదీలూ ఒకదాని కింద ఒకటి నేనే చెప్పి రాయిస్తున్నాను. వాటి మధ్య నెల రోజులున్నాయని నాకెప్పుడూ తట్టలేదు. కాలేజీలో ఎప్పుడో చదివింది లీలగా గుర్తుంది కానీ, గుర్తున్నది నోటిదాకా రాలేదు.

"అదంతా సిలబస్‌లో లేదు మాస్టారూ" అన్నాను.

ఇంతలో కిటికీ దగ్గర నుంచి మా అత్తగారు అందుకున్నారు. "ఆ యువరాజుని చంపినవాణ్ణి పట్టుకున్నారా, లేదా?"

"అక్కడికక్కడే పట్టుకున్నారు అత్తయ్యా."

"మరింకేం? వాణ్ణి జైల్లో పెట్టక యుద్ధం దేనికే?"

ఈల మాస్టారు ఆవిడ వైపు తిరిగి, "నేనూ అదే అడుగుతున్నానండీ" అన్నారు. ఆ గొంతులో వెటకారం లేదు. తనలాంటి మనిషి ఇంకొకరు దొరికారన్న సంతోషం ఉంది.

నాకు మాత్రం చిరాకేసింది. కాలు నొప్పి, మంచం, పైన ఈ డ్రిల్లు మాస్టారి విచారణ. కీ ప్రకారం మార్కులు వేశారుగా, అక్కడితో ఆపేయండి అని కొంచెం గట్టిగానే అన్నాను. ఆయన కట్ట మళ్ళీ కట్టుకున్నారు. గుమ్మం దగ్గర ఆగి ఒక మాటన్నారు.

"నాకు ముప్ఫయి అయిదు మార్కులు వేశారు చెల్లెమ్మా మా మాస్టారు. మంచాయన. పాసయ్యావురా అన్నాడు. అర్థమయిందా అని మాత్రం అడగలేదు. అడిగుంటే బావుండేది."

ఆయన ఏం చేశారో తర్వాత నాకు ముక్కలు ముక్కలుగా తెలిసింది. మునిసిపల్ లైబ్రరీలో పనిచేసే ఆవిడ మా ఇంటి పైవాటాలో ఉంటుంది. ఆవిడ ఒకరోజు వచ్చి, "మీ డ్రిల్లు మాస్టారు రోజూ వచ్చి కూర్చుంటున్నారండీ" అంది. స్కూలు వదిలిన దగ్గర్నుంచి లైబ్రరీ మూసేదాకా. చదువుతున్న లైను కింద స్కేలు పెట్టుకుని, పెదాలు కదుపుతూ చదువుతారట. నోట్సు రాసుకోవడానికి పాత మ్యాచ్‌ల జట్ల జాబితాలు తెచ్చుకుని వాటి వెనకవైపు రాసుకుంటారట. ఒక కాగితం మీద తేదీలు, ఇంకో కాగితం మీద దేశాలు, ఏ దేశం నుంచి ఏ దేశానికి బాణం గుర్తు వేయాలో తెలియక కొట్టేసిన బాణాలు.

ఇంట్లో ఆయన భార్య కుట్టుపని చేస్తుంది. నా జాకెట్లు ఆవిడే కుడుతుంది. కొలతలకని వచ్చి ఆవిడ మొత్తుకుంది.

"మా ఆయనకి యుద్ధం పట్టుకుందమ్మా. అన్నం ముందు కూర్చోబెట్టి నన్ను అడుగుతున్నాడు, నువ్వు రష్యావి అనుకో, సెర్బియా నీ తమ్ముడి లాంటిది అనుకో, ఆస్ట్రియా వాడొచ్చి తమ్ముడి మీద పడితే నువ్వేం చేస్తావు అని. నేనేం చేస్తాను? ముందు అన్నం తినవయ్యా, ఆరిపోతోంది అన్నాను."

"మరి ఆయనేమన్నారు?"

"రష్యా అలా అనుంటే బావుండేదే అన్నాడు."

వారం తిరిగేసరికి ఆయన పెద్ద మేడమ్ దగ్గరికి వెళ్ళారు. తన డ్రిల్లు పీరియడ్లలో పదో తరగతి పిల్లలకి నోటితో పరీక్ష పెడతానన్నారు. ఆటలు మాని పరీక్షలంటే పిల్లలు ఊరుకుంటారా అని మేడమ్ సందేహించారు. ఊరుకోరు, అయినా పెడతాను అన్నారట ఆయన. మార్కులు రిజిస్టరులో ఎక్కవు అని మేడమ్ ముందే చెప్పారు. ఎక్కక్కర్లేదన్నారు.

నాకు ఈ సంగతి తెలిసి, కోపమో కుతూహలమో చెప్పలేను, ఊతకర్రలు చంకన పెట్టుకుని ఆటోలో స్కూలుకి వెళ్ళాను. మా ఆయన వద్దంటున్నా విన్లేదు.

మైదానం చివర నేలని చదును చేసే పెద్ద రాతి రోలరు ఉండేది. ఈల మాస్టారు దాని మీద కూర్చున్నారు. ఎదురుగా మెట్ల కింద గదిలోంచి తెచ్చిన బెంచీ. పిల్లలు ఇద్దరిద్దరుగా వచ్చి కూర్చుంటున్నారు. మిగతావాళ్ళు చుట్టూ గడ్డిలో పుస్తకాలు తెరుచుకుని. పుస్తకం చూడొచ్చు, పక్కవాణ్ణి అడగొచ్చు, కాపీ అన్న మాటే లేదు అని ఆయన చెప్పారట. ప్రతి జంటకీ మొదట చెప్పేది ఒకటే.

"నాకు తెలీదు. మీరు చెప్పండి. నాకు అర్థమైతే మీరు పాసు."

ఒకడు ఆస్ట్రియా, ఒకడు సెర్బియా. ఇంకో జంటలో ఒకరు జర్మనీ, ఒకరు రష్యా. ఎవరి దేశం గురించి వాళ్ళు చెప్పకూడదు. ఎదుటి దేశానికి భయమెందుకో, కోపమెందుకో చెప్పాలి. ఎదుటివాళ్ళు "అవును, అంతే" అనాలి. నేను నవ్విన ఆ బెంచీ విచారణే. కానీ ఇప్పుడు నవ్వు రాలేదు.

నేను చూస్తుండగా వచ్చిన జంటలో ఒకమ్మాయి నా బంగారు తల్లి. 'నూటికి నూరు' అని తోటిపిల్లలు పిలిచే పిల్ల. ఆరో తరగతి నుంచీ క్లాసు ఫస్టు. గుక్క తిప్పుకోకుండా ఐదు పాయింట్లూ అప్పజెప్పింది. నా ప్రాణం లేచొచ్చింది.

"బాగా చెప్పావమ్మా" అన్నారు ఈల మాస్టారు. "కూటములు ఉన్నాయన్నావు. కూటములు ఎందుకు కట్టారు?"

"యుద్ధం కోసం సార్."

"యుద్ధం చెయ్యడానికా, రాకుండా ఉండటానికా?"

ఆ పిల్ల నా వైపు చూసింది. ఆయన ఆ ప్రశ్న నన్నే అడిగినట్టనిపించింది.

"నోట్సులో లేదు సార్" అంది ఆ పిల్ల. కళ్ళ నిండా నీళ్ళు.

"ఏడవకు. రేపు మళ్ళీ రా. నీకు సున్నా వెయ్యలేదు, ఏమీ వెయ్యలేదు. నేనూ నాలుగుసార్లు చదివితే గానీ అక్కడిదాకా రాలేదు."

ఆ తర్వాత వచ్చినది అమ్మాయిల ఫుట్‌బాల్ జట్టు గోల్‌కీపరు. దాని చేతిరాత చూస్తే కోడి గెలికినట్టుంటుంది. రాతపరీక్షలో దానికి ఎనిమిదికి రెండు వచ్చాయి. అది జర్మనీ. రష్యా గురించి చెప్పాలి. మోకాలి మీది దెబ్బ గోక్కుంటూ మొదలెట్టింది.

"సార్, రష్యా చాలా పెద్దది కదా. సైనికుల్ని ఇళ్ళ దగ్గర్నుంచి పిలిపించి, బళ్ళెక్కించి, సరిహద్దుకి చేర్చేసరికి వారాలు పడుతుంది. మా నాన్న రైల్వే యార్డులో పెట్టెలు జోడిస్తాడు సార్. ఒక్క గూడ్సు లేటయితేనే వెనకాల బళ్ళన్నీ ఆగిపోతాయి. అన్ని లక్షల మందంటే... అందుకని రష్యావాడు ముందే మొదలెట్టేయాలి. ఆగి చూద్దాం అనుకుంటే వాడి పని అయిపోయినట్టే."

"సరే. మొదలెట్టాడు. జర్మనీకేం?"

"జర్మనీకి అటు రష్యా, ఇటు ఫ్రాన్సు. ఇద్దరూ ఒకేసారి వస్తే చస్తాడు. అందుకని రష్యా బళ్ళు కదలకముందే ఫ్రాన్సు సంగతి తేల్చేయాలని వాళ్ళు ముందే ప్లాను రాసుకున్నారు సార్. మధ్యలో ఆపడానికి లేదు. యార్డులో బండి ఒకసారి తోసేశాక వెనక్కి రమ్మంటే రాదు కదా సార్. రష్యావాడేమో నేను భయపడి చేస్తున్నా అంటాడు. జర్మనీవాడికి అది మీదకొస్తున్నట్టు కనిపిస్తుంది."

రష్యా తరఫున కూర్చున్న పిల్ల గట్టిగా, "అవును, అంతే!" అంది.

ఈల మాస్టారు రోలరు మీద నుంచి లేచారు. తర్వాత చెయ్యి చాపి ఆ పిల్లతో కరచాలనం చేశారు. "ఇదమ్మా నాకు అర్థం కానిది. నేను మూడు పుస్తకాలు తిరగేశాను. అరటిపండు ఒలిచి చేతిలో పెట్టావు" అన్నారు. గోల్‌కీపరు చెవులు ఎర్రబడ్డాయి. హిస్టరీలో దాన్ని మెచ్చుకున్నవాళ్ళు అంతకు ముందు లేరు. నేనూ లేను.

అలా ఆరు రోజులు జరిగింది. అన్నీ సాఫీగా సాగలేదు. ఒక పిల్ల మగ మాస్టార్ల ముందు నోరు విప్పదు. రెండుసార్లు వచ్చి, తలొంచుకుని కూర్చుని లేచిపోయింది. మూడోరోజు ఈల మాస్టారు రోలరు మీద అటు తిరిగి కూర్చున్నారు. "నేను గోడని చూస్తుంటాను. నువ్వు నీ జోడీకి చెప్పు. నాకు వినపడితే వినపడుతుంది" అన్నారు. ఆ పిల్ల పావుగంట మాట్లాడింది. ఆ పావుగంటా ఆయన వెనక్కి తిరగలేదు. ఇంకో ఇద్దరు మగపిల్లలు ఆస్ట్రియా, సెర్బియా అయి, నిజంగానే కాలర్లు పట్టుకున్నారు. ఆయన విడదీసి, "చూశారా, మనకి నెల రోజులు కూడా పట్టలేదు" అంటే పిల్లలంతా పడీపడీ నవ్వారు.

గొడవ వచ్చింది నూటికి నూరు వాళ్ళ నాన్న దగ్గర నుంచి. ఆయన వకీలు. నాలుగో రోజు పెద్ద మేడమ్ గదిలో కూర్చుని, కుర్చీ చేతుల మీద గుద్దుతూ అడిగాడు.

"డ్రిల్లు మాస్టారు మా అమ్మాయికి హిస్టరీలో పరీక్ష పెట్టడమేంటి మేడమ్? నా కూతురు మూడు రోజులుగా సరిగ్గా తినట్లేదు. ఆయన క్వాలిఫికేషనేంటి?"

మేడమ్ ఈల మాస్టార్నీ, నన్నూ పిలిపించారు. నన్ను కూర్చోమన్నారు, సబ్జెక్టు టీచర్ని కదా. ఈల మాస్టారు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు.

"నాకు క్వాలిఫికేషనేం లేదండీ. అందుకే అడుగుతున్నాను. తెలిసినవాళ్ళకి సగం చెప్పినా సరిపోతుంది, మిగతా సగం వాళ్ళే పూరించుకుంటారు. నాకు మొత్తం చెప్పాలి. మీ అమ్మాయికి సున్నా వెయ్యలేదండీ. మళ్ళీ రమ్మన్నాను. ఆ అమ్మాయి చెప్పగలదు. ఆ సంగతి నాకు తెలుసు."

వకీలు నా వైపు తిరిగాడు. "మీరు చెప్పండి మేడమ్. మీ నోట్సు ప్రకారం మా అమ్మాయి జవాబు కరెక్టా, కాదా?"

నాకు అదొక అవకాశం. కరెక్టే అనొచ్చు. నిజానికి అది కరెక్టే. ఆ గదిలో అందరూ నా మాట కోసమే చూస్తున్నారు.

"నా నోట్సు ప్రకారం కరెక్టేనండీ" అన్నాను. "నా నోట్సే సరిపోదు. మాస్టారు అడిగిన ప్రశ్నకి నేనే జవాబు చెప్పలేకపోయాను."

ఈల మాస్టారు ఇబ్బందిగా నేల చూపులు చూశారు. నా తరఫున ఆయనే సిగ్గుపడుతున్నట్టున్నారు. రిజిస్టరులో రాతపరీక్ష మార్కులే ఉంటాయని మేడమ్ హామీ ఇచ్చాక వకీలు లేచి వెళ్ళాడు.

ఆరో రోజు ఆ పిల్ల తనంతట తనే వచ్చింది. నోట్సు లేదు, చేతులు ఖాళీ. బెంచీ మీద కూర్చోకుండా నిలబడే అడిగింది.

"సార్, నాదో డౌటు. ఆస్ట్రియా షరతులు పెట్టి నలభై ఎనిమిది గంటలు గడువిచ్చింది కదా. సెర్బియా దాదాపు అన్నీ ఒప్పుకుంది. ఒప్పుకున్నాక కూడా ఆస్ట్రియా ఎందుకు ఆగలేదు?"

"నువ్వేమనుకుంటున్నావు?"

"ఒప్పుకోవాలని అడగలేదేమో సార్. ఒప్పుకోలేరులే అని అడిగారేమో. ముందే కొట్టాలనుకుని, ఆ తర్వాత సాకు వెతుక్కున్నట్టు. ఆ నెల రోజులూ దానికే అనుకుంటా. జర్మనీ మా వెనక ఉంటుందా లేదా అని కనుక్కోవడానికి, షరతులు రాసుకోవడానికి."

ఈల మాస్టారు నన్ను చూశారు. "చెల్లెమ్మా, ఇది సరైనదేనా? నాకు ఇంతవరకూ తెలీదు."

అప్పటికి నేనూ ఇంట్లో మంచం మీద పాత కాలేజీ పుస్తకాలు దుమ్ము దులిపి చదువుతున్నాను. "చాలామంది చరిత్రకారులు ఇంచుమించు అదే అంటారు మాస్టారూ" అన్నాను. "ఇంకోలా చెప్పేవాళ్ళూ ఉన్నారు."

"అయితే ఇంకా తేలలేదన్నమాట" అన్నారు ఆయన సంబరంగా. ఆ పిల్ల కూడా నవ్వింది. వారం తర్వాత ఆ మొహంలో నవ్వు చూడటం.

ఆయన ఎనభై మూడు మంది గురించీ రాసిచ్చిన కాగితాలు నా దగ్గరున్నాయి. మార్కులు కావు. ఒక్కొక్కరికీ ఒకటో రెండో వాక్యాలు. 'రైళ్ళ సంగతి నాకు నేర్పింది.' 'జర్మనీ అంటే కోపం, రష్యా వైపు చూడటం లేదు, మళ్ళీ అడగాలి.' 'మాటలు తక్కువ, తెలివి ఎక్కువ.' 'నిజం చెప్పాడు, చదవలేదన్నాడు.' పద్నాలుగేళ్ళలో నా పిల్లల గురించి నేను ఎప్పుడూ అంత తెలుసుకోలేదు. పదకొండు మంది దగ్గర 'నాకు అర్థం కాలేదు' అని రాసి, కింద 'తప్పు నాది కూడా కావచ్చు' అని రాశారు.

ఆ ఏడు పబ్లిక్ పరీక్షలో ఆ ప్రశ్న రానేలేదు. ప్రపంచయుద్ధం నుంచి ఒక మార్కు బిట్టు వచ్చింది, ఏ సంవత్సరంలో మొదలైంది అని. స్టాఫ్ రూములో లెక్కల మాస్టారు దాన్ని రెండు వారాలు చెప్పుకుని నవ్వారు. ఈల మాస్టారు కూడా ఆయనతో కలిసి హాయిగా నవ్వారు. గోల్‌కీపరుకి హిస్టరీలో నలభై ఒకటి వచ్చాయి. రాత మారలేదు మరి.

నేను పూర్తిగా మారిపోయానని చెప్తే అబద్ధం. పబ్లిక్ పరీక్ష దగ్గరపడితే ఇప్పటికీ ఐదు పాయింట్లు రాయిస్తాను. పిల్లలకి మార్కులూ కావాలి. కానీ అంతకు ముందు నాలుగు పీరియడ్లు బెంచీలు ఎదురెదురుగా వేయిస్తాను. నాకు తెలియనిది తెలియదని చెప్తాను. మొదట్లో ఆ మాట నోట్లోంచి రావడానికి ఎంత కష్టమయ్యిందో, ఇప్పుడు అంత తేలిగ్గా వస్తోంది.

ఈల మాస్టారు మూడేళ్ళ తర్వాత రిటైరయ్యారు. వీడ్కోలు సభలో అందరూ ఆయన తయారుచేసిన జట్ల గురించి, గెల్చుకొచ్చిన కప్పుల గురించి మాట్లాడారు. హిస్టరీ ఊసు ఎవరూ ఎత్తలేదు. నేను ఎత్తుదామని లేచి, ఎక్కడ మొదలెట్టాలో తెలియక, రెండు మాటలకే కూర్చున్నాను.

ఇప్పుడాయన రోజూ పొద్దున్నే లైబ్రరీకి వెళ్తున్నారు. రెండో ప్రపంచయుద్ధం చదువుతున్నారు. మొన్న ఆదివారం వాళ్ళావిడ దగ్గరికి కుట్టడానికి గుడ్డ ఇద్దామని వెళ్తే, నన్ను గుమ్మంలోనే ఆపేశారు. చేతిలో స్కేలు, కళ్ళజోడు ముక్కు మీదికి జారి ఉంది.

"మంచి సమయానికి వచ్చావు చెల్లెమ్మా. మొదటిది అయిపోయాక ఒప్పందం రాసుకున్నారు కదా, అందులో ఓడినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి ఎందుకు మాట్లాడలేదు?"

లోపల నుంచి వాళ్ళావిడ గొంతు వినిపించింది. "ముందు ఆవిణ్ణి కూర్చోనివ్వండి!"

కూర్చున్నాను. అది తేలేసరికి మధ్యాహ్నమైంది. గుడ్డ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.